విదేశీ పెట్టుబడి వస్తే ఎగుమతులు తప్పకుండా పెరుగుతాయా?

పెన్నాతీరం
ఎం.ఏ. అర్థశాస్త్రం చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం, వర్ధమాన దేశాల్లో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికీ ఎగుమతులకూ ఉన్న సంబంధాన్ని అంశంగా తీసుకున్నాను. విదేశీ కంపెనీ వస్తే దానితో పాటు సాంకేతికత, బయటి మార్కెట్లతో పరిచయం వస్తాయనీ, అందువల్ల ఎగుమతులు పెరుగుతాయనీ మా పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. వియత్నాం గణాంకాలు చూస్తే ఆ మాట అక్షరాలా నిజమనిపిస్తుంది. ఆ దేశపు ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలవే. మన దేశం 1991 నుంచి విదేశీ పెట్టుబడిని ఆహ్వానిస్తున్నా సరుకుల ఎగుమతుల్లో ఆ స్థాయి మార్పు కనిపించదు. మనకు వచ్చిన మొత్తం చాలకపోవడమే కారణమా, లేక వచ్చిన పెట్టుబడి స్వభావంలోనే తేడా ఉందా? ఈ రంగాల్లో పనిచేస్తున్నవారు తమ అనుభవం చెబితే నా ప్రశ్నను సరిగ్గా మలచుకోగలుగుతాను.

లెక్కల_మాస్టారు
ఎంత వచ్చిందన్న ప్రశ్న కంటే ముందు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న వేసుకోవాలి. విదేశీ కంపెనీ ఒక దేశంలోని జనానికి తన సరుకు అమ్ముకోవడానికి రావచ్చు, అక్కడి శ్రమతో సరుకు చేయించి మరోచోట అమ్ముకోవడానికి రావచ్చు, భూమిలోని చమురునో ఖనిజాన్నో తవ్వుకోవడానికి రావచ్చు. దేశంలోకి వచ్చే, బయటికి పోయే డబ్బును లెక్కగట్టే చెల్లింపుల శేషం పట్టికలో ఈ మూడూ ఒకే వరుసలో పడతాయి గానీ ఎగుమతుల మీద మూడింటి ప్రభావమూ వేరు.

దిగుమతి సుంకాలు ఎక్కువగా ఉన్న దేశానికి వచ్చే పెట్టుబడి సాధారణంగా ఆ సుంకపు గోడకు లోపలి వైపు కూర్చుని అమ్ముకోవడానికే వస్తుంది. 1990లలో మన కార్ల పరిశ్రమకు వచ్చిన పెట్టుబడిలో అధిక భాగం అలాంటిదే. ఆ కంపెనీలు విడిభాగాలన్నీ బయటి నుంచి తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకుంటాయన్న ఆందోళనతో ప్రభుత్వం 1997 డిసెంబరులో రెండు షరతులు పెట్టింది. స్థానిక విడిభాగాల వాటాను మూడో ఏటికి 50 శాతానికి, అయిదో ఏటికి 70 శాతానికి చేర్చాలన్నది ఒకటి. దిగుమతి చేసుకున్న విడిభాగాల విలువకు సరిపడా ఎగుమతి చేయాలన్నది రెండోది. అమెరికా, ఐరోపా దేశాలు దీనిపై ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 2001 డిసెంబరులో తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. దిగుమతిని ఎగుమతితో ముడిపెట్టే దారి దానితో మూసుకుపోయింది.

వియత్నాం సంగతి వేరు. 2009లో బాక్‌నిన్‌లో శాంసంగ్ ఫోన్ల ఫ్యాక్టరీ మొదలైనప్పుడు, అక్కడ తయారయ్యే ఫోన్లన్నీ వియత్నామీయులే కొంటారని ఎవరూ అనుకోలేదు. మొదటి రోజు నుంచీ అది ప్రపంచానికి సరుకు పంపే ఫ్యాక్టరీ.

కృష్ణపట్నం_రేవు
మాస్టారు చెప్పిన విభజన పుస్తకంలో బాగుంటుంది గానీ కంపెనీలు అంత స్పష్టంగా విడిపోవు. చెన్నైలోని కొరియా కార్ల కంపెనీ హ్యుందాయ్ 1998లో ఇక్కడి కుటుంబాల కోసమే శాంత్రోను తెచ్చింది, ఆ మరుసటి ఏడాదే ఎగుమతులు మొదలుపెట్టింది. పెనుకొండలో 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కూడా ఇక్కడ అమ్ముతూనే విదేశాలకు పంపుతోంది. ఇక్కడి మార్కెట్ కోసం వచ్చిన పెట్టుబడి ఎగుమతికి పనికిరాదనడం సరికాదు.

లెక్కల_మాస్టారు
పనికిరాదని నేననలేదు. చిన్న కార్లకు ఇక్కడ పెద్ద గిరాకీ ఉండటం వల్ల ఉత్పత్తి పరిమాణం పెరిగింది, ఒక్కో కారుపై పడే ఖర్చు తగ్గింది, దాంతో బయట పోటీపడగలిగారు. అలా మళ్లడానికి పదేళ్లు పట్టవచ్చు, మళ్లకపోనూ వచ్చు. ఎగుమతి ఒక్కటే ఫ్యాక్టరీని నిలబెట్టదనడానికి కూడా ఇక్కడే ఉదాహరణ ఉంది. ఫోర్డ్ కంపెనీ చెన్నై నుంచి, గుజరాత్‌లోని సాణంద్ నుంచి పెద్ద సంఖ్యలో కార్లు ఎగుమతి చేసింది. ఇక్కడి అమ్మకాలు అనుకున్నట్లు సాగకపోవడంతో 2021 సెప్టెంబరులో తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించింది.

బాక్‌నిన్_తెలుగువాడు
నేను బాక్‌నిన్‌లోనే ఒక విడిభాగాల కంపెనీ నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. పెన్నాతీరం గారు ఉదహరించిన 70 శాతం నిజమే, కానీ దాని వెనక ఏముందో ఇక్కడి గోడౌన్‌లో నిలబడి చూస్తే మరింత స్పష్టంగా తెలుస్తుంది.

మేం ఫోను కెమెరా చుట్టూ ఉండే చిన్న ప్లాస్టిక్ భాగాన్ని తయారుచేస్తాం. దానికి కావలసిన ప్లాస్టిక్ గుళికలు కొరియా నుంచి వస్తాయి. ఆ భాగాన్ని పోత పోసే అచ్చులూ కొరియావే. మరికొన్ని సామాన్లు చైనా సరిహద్దులోని లాంగ్‌సన్ మీదుగా లారీల్లో దిగుతాయి. వియత్నాం కంపెనీ నుంచి మేం కొనేవి అట్టపెట్టెలు, ఆ భాగాలను వరుసగా పేర్చే నురుగు పళ్లేలు. తయారైన ఫోన్లు నోయ్‌బాయ్ విమానాశ్రయం నుంచి విమానాల్లో వెళ్లిపోతాయి. దేశపు గణాంకాల్లో మాత్రం మొత్తం ఫోను విలువ వియత్నాం ఎగుమతిగా నమోదవుతుంది. విదేశీ సంస్థలను పక్కన పెట్టి వియత్నాం సొంత సంస్థల లెక్క మాత్రమే తీస్తే ఏటా వాణిజ్య లోటే తేలుతుంది.

అయినా ఇది వృథా అని నేననను. మా లైన్లలో పనిచేసేవారిలో ఎక్కువమంది వరి పండించే కుటుంబాల నుంచి వచ్చిన యువతులు, వారి జీతం నెలనెలా ఊరికి వెళ్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. వియత్నాంకు పెట్టుబడి హఠాత్తుగా రాలేదు. 1986లో సంస్కరణలు మొదలుపెట్టారు, 1987లో విదేశీ పెట్టుబడి చట్టం చేశారు, 2001లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది, 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరారు. సరుకు అమ్ముకునే దారులు ముందు సిద్ధమయ్యాయి, పెద్ద ఫ్యాక్టరీలు ఆ తరవాత వచ్చాయి.

షిప్పింగ్_బిల్లు
బాక్‌నిన్ మిత్రుడు చెప్పింది కస్టమ్స్ పనిలో ఉన్న నాకు రోజూ కనిపించే విషయం. ఒకే ఫ్యాక్టరీకి సంబంధించిన రెండు రకాల కాగితాలు నా బల్ల మీదకు వస్తాయి. విడిభాగాలు దిగినప్పుడు బిల్ ఆఫ్ ఎంట్రీ, సరుకు ఎక్కినప్పుడు షిప్పింగ్ బిల్లు. ఊరికే ఒక ఉదాహరణ చెబుతాను. 100 రూపాయల ఎఫ్.ఓ.బి. విలువతో (ఓడకెక్కించే నాటికి సరుకు విలువ) షిప్పింగ్ బిల్లు వేశామనుకోండి. ఆ సరుకు కోసం అంతకుముందు 80 రూపాయల విడిభాగాలు బిల్ ఆఫ్ ఎంట్రీ మీద లోపలికి వచ్చి ఉంటే ఇక్కడ చేరిన విలువ 20 రూపాయలు. పత్రికల్లో 100 కనిపిస్తుంది. ఆ 80 దిగుమతుల పద్దులో, సుంకాల పట్టికలోని వేరే అధ్యాయంలో, వేరే నెలలో ఉంటుంది కాబట్టి ఎవరూ రెండింటినీ కలిపి చూడరు.

2020లో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం వచ్చాక మన మొబైల్ ఫోన్ల ఎగుమతి 2024-25లో దాదాపు 2 లక్షల కోట్ల రూపాయలకు చేరింది. చాలా పెద్ద విజయం, సందేహం లేదు. దాన్ని కొలిచేటప్పుడు ఈ రెండో కాగితాన్ని కూడా తీయాలన్నదే నా మనవి.

ఓరుగల్లు_కోడలు
మిగిలే విలువ తక్కువని తేల్చేసే ముందు ఆ విలువ ఎవరి చేతికి వెళ్తోందో చూడాలి. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ అచ్యుతాపురంలో పెట్టిన దుస్తుల సెజ్‌లో, తడ దగ్గర తైవాన్ పెట్టుబడితో నడుస్తున్న బూట్ల ఫ్యాక్టరీలో అత్యధికులు మహిళలే. మా పిన్ని కూతురు అలాంటి ఒక యూనిట్‌లో చేరాకే తన పేరు మీద మొదటిసారి బ్యాంకు ఖాతా తెరిచింది. 100లో 20 మాత్రమే ఇక్కడ మిగిలినా, ఆ 20లో పెద్ద వాటా కూలీ రూపంలో పల్లెలకు చేరుతుంటే దాన్ని అల్పమనడానికి నాకు మనసొప్పదు.

షిప్పింగ్_బిల్లు
అమ్మా, అల్పమని నేననలేదు. కానీ ప్రభుత్వం ఇచ్చే రాయితీ, భూమి, కరెంటు మొత్తం 100 రూపాయల ఎగుమతిని చూపించి అడుగుతారు. ఖర్చును 100తో పోల్చడం న్యాయమా, 20తో పోల్చడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.

భీమవరం_చెరువుగట్టు
ఇంతసేపూ ఫోన్లు, కార్లు, బట్టల గురించే మాట్లాడారు. మావైపు జరిగింది ఇంకో రకం. 1990లలో మా చెరువుల్లో టైగర్ రొయ్య వేసేవారు. తెల్లమచ్చ వైరస్ వచ్చి ఊళ్లకు ఊళ్లు అప్పుల పాలయ్యాయి. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో వచ్చి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు పూర్తయ్యాకే రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలకు చేరతాయి. మేత తయారీలో థాయ్‌లాండ్‌కు చెందిన సీపీ కంపెనీ ఉంది. మన అవంతి ఫీడ్స్‌లో థాయ్ యూనియన్ సంస్థకు దాదాపు నాలుగో వంతు వాటా ఉంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి ఈ రంగంలో ఎవరి పెట్టుబడి ఉందన్నది చిన్న విషయం కాదు.

ఆ కంపెనీల వాళ్లు మేత బస్తాలు దింపి వెళ్లిపోలేదు. వాళ్ల టెక్నీషియన్లు చెరువుగట్టు మీదికి వచ్చి, నీటిలో దించిన చెక్‌ట్రేలో మిగిలిన మేతను చూసి తరవాతి పూట ఎంత వేయాలో చెప్పేవారు. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఏ మూలన పెట్టాలో, నీటిలో ప్రాణవాయువు ఎప్పుడు పడిపోతుందో మా రైతులు వాళ్ల దగ్గరే చాలావరకు నేర్చుకున్నారు. పట్టుబడి రోజున తెల్లవారకముందే వల లాగి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో చూసి కౌంట్ కడతారు. 40 కౌంట్ తూగే చెరువుకూ 100 కౌంట్ దగ్గర ఆగిపోయిన చెరువుకూ మధ్య ధరలో ఉండే తేడాయే రైతు బతుకు. దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 2008-09లో దాదాపు 8,600 కోట్ల రూపాయలు ఉండగా 2023-24 నాటికి 60,500 కోట్లు దాటింది. అందులో విలువ ప్రకారం మూడింట రెండొంతులు రొయ్యలే. ఎగుమతి చేసే ప్లాంట్లు ఎక్కువగా ఇక్కడివారివే.

కాబట్టి విదేశీ పెట్టుబడి తాను ఎగుమతి చేయకపోయినా, మా చేత ఎగుమతి చేయించగలదు. పెన్నాతీరం గారి ప్రాజెక్టులో దీనికి చోటు ఉండాలి.

గుంటూరు_మిర్చి
మీరు 40 కౌంట్ అని రాస్తుంటే ఇక్కడ ఆకలి వేస్తోంది. చర్చకు అడ్డొచ్చినందుకు క్షమించాలి, విషయం మాత్రం ఆసక్తిగా ఉంది, కొనసాగించండి.

కృష్ణపట్నం_రేవు
భీమవరం మిత్రుడు ఘనత మొత్తాన్ని థాయ్ పెట్టుబడికి కట్టబెడుతున్నట్లుంది. అనుమతి ఇచ్చింది మన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, క్వారంటైన్ నడిపింది మన ప్రభుత్వ సంస్థ, అప్పు చేసి చెరువు తవ్వింది మన రైతు. మేత కంపెనీ స్వదేశీదే అయినా వనామీ విస్తరించేది కాదా?

భీమవరం_చెరువుగట్టు
విస్తరించేదేమో, అంత వేగంగా విస్తరించేది కాదని మా అనుభవం. వనామీ సాగును థాయ్‌లాండ్ మనకంటే ముందే చేసి, తప్పులన్నీ ముందే చవిచూసింది. ఆ అనుభవం పెట్టుబడితో పాటు వచ్చింది. రక్షణ మాత్రం రాలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎవరి పెట్టుబడీ మా ధరను కాపాడలేకపోయింది. ఒకే దేశం మీద ఆధారపడిన ఎగుమతి ఎంత పెరిగినా రైతుకు నిద్ర పట్టదు.

బాలానగర్_పాతకాపు
విదేశీ పెట్టుబడి లేకుండానే ఎగుమతులు ఎలా పెరిగాయో హైదరాబాద్ మందుల పరిశ్రమ చెబుతుంది. 1960లలో సోవియట్ సహకారంతో ప్రభుత్వం బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. మందుల ప్లాంటు పెట్టింది. మా నాన్నగారు అక్కడ పనిచేశారు. 1970 పేటెంట్ల చట్టం మందుకు పేటెంటు లేకుండా, తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఉండేలా చేసింది. ఆ ప్లాంటులో రసాయన ప్రక్రియలు నేర్చుకున్నవారు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. ఈ నగరం నుంచి అమెరికాకు మందులు వెళ్లడానికి పునాది ప్రభుత్వ పెట్టుబడి, మన చట్టం, మన ఇంజినీర్లు.

విదేశీ పెట్టుబడి ఆ తరవాత వచ్చింది. 2007లో అమెరికాకు చెందిన మైలాన్ కంపెనీ హైదరాబాద్‌లోని మ్యాట్రిక్స్ ల్యాబ్స్‌లో అధిక వాటా కొనడం పూర్తిచేసింది. మ్యాట్రిక్స్ అప్పటికే ఎగుమతిదారు. మీ పట్టికలో ఆ ఏడాది నుంచి అది విదేశీ సంస్థ ఎగుమతి కింద చేరితే, పెట్టుబడి వల్లే ఎగుమతి వచ్చిందని మీ లెక్క తప్పుగా చెబుతుంది.

లెక్కల_మాస్టారు
పాతకాపు గారి చివరి వాక్యం ఈ చర్చలో అతి ముఖ్యమైనది. ఎగుమతులు బాగా చేస్తున్న రంగాన్ని వెతుక్కుంటూ పెట్టుబడి వస్తుంది, వచ్చిన పెట్టుబడి ఎగుమతుల్ని పెంచుతుంది. రెండూ ఒకేసారి జరుగుతుంటాయి. రెండు వరుసల అంకెలు కలిసి పెరుగుతున్నాయని చూపించి కారణాన్ని నిర్ణయించకూడదు. కొత్తగా కట్టిన ఫ్యాక్టరీని, కొన్న పాత ఫ్యాక్టరీని వేర్వేరుగా చూడాలి.

నూలుపోగు
తిరుప్పూరులో దుస్తుల ఎగుమతి కంపెనీలో మర్చండైజర్‌గా ఉన్నాను, పనిమీద ఢాకా వెళ్లి వస్తుంటాను. ఇంత చర్చలో బంగ్లాదేశ్ పేరు రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1979లో ఆ దేశపు దేశ్ గార్మెంట్స్ కంపెనీ దక్షిణ కొరియా దేవూ సంస్థతో ఉన్న ఒప్పందం మేరకు 130 మంది ఉద్యోగులను శిక్షణకు బూసాన్ పంపింది. వాటాల రూపంలో దేవూ పెట్టుబడి పెట్టలేదు. యంత్రాలు, శిక్షణ, కొనుగోలుదారులతో పరిచయం ఇచ్చింది. తిరిగి వచ్చినవారిలో 115 మంది కొన్నేళ్లలోనే ఆ కంపెనీ వదిలి, సొంతంగానో ఇతరులతో కలిసో కొత్త ఫ్యాక్టరీలు మొదలుపెట్టారు. ఈ రోజు బంగ్లాదేశ్ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే, ఫ్యాక్టరీల్లో అత్యధికం బంగ్లాదేశీయులవే.

దానికి ప్రభుత్వం చేసిన సాయం రెండు చిన్న ఏర్పాట్లు. ఎగుమతి ఆర్డరుకు వచ్చిన ఎల్.సి.ని (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) చూపించి గుడ్డ దిగుమతికి మరో ఎల్.సి. తెరుచుకోనిచ్చారు. ఆ గుడ్డను సుంకం లేకుండా బాండెడ్ గోడౌన్‌లో పెట్టుకోనిచ్చారు. చేతిలో డబ్బు లేనివాడు కూడా ఎగుమతిదారు కాగలిగాడు. ఇక్కడ నేను గమనించేది ఒకటే. కొరియావాళ్లు తెచ్చిన విద్య మనుషుల వెంట ఫ్యాక్టరీ దాటి బయటికి నడిచింది. బాక్‌నిన్ మిత్రుడి గోడౌన్‌లో ఆ విద్య అచ్చుల్లోనే ఉండిపోతోంది, ఆ అచ్చులు కొరియాలోనే తయారవుతున్నాయి.

చెంగల్పట్టు_తెలుగు
నూలుపోగు గారి మాటకు నా జీవితమే సాక్ష్యం. చెన్నై దగ్గర ఒక విదేశీ ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో కొన్నేళ్లు పనిచేశాను. మా సరుకు దాదాపు మొత్తం ఎగుమతే. మా సరుకు కొనే కంపెనీ తన కొనుగోళ్లను మరో దేశానికి మార్చగానే మా యూనిట్ మూతపడింది. లైన్‌లో ఒకే స్క్రూ బిగించే పని చేసినవారికి బయట ఆ అనుభవం ఎందుకూ అక్కరకు రాలేదు. టూల్‌రూమ్‌లో అచ్చులు, జిగ్‌లు మరమ్మతు చేసిన కొద్దిమంది మాత్రం అంబత్తూరులో షెడ్డు అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టారు, ఇప్పుడు కార్ల విడిభాగాల కంపెనీలకు అచ్చులు చేస్తున్నారు. ప్రభుత్వం ఒప్పందం రాసుకునేటప్పుడు ఎంతమందికి ఉద్యోగమని అడిగినట్లే, టూల్‌రూమ్ ఇక్కడ పెడతారా లేదా అని కూడా అడగాలి. ఇది నేను కోపంతో రాయడం లేదు, నాతో పనిచేసిన పిల్లలను తలుచుకుని రాస్తున్నాను.

లెక్కల_మాస్టారు
కంపెనీ వెళ్లిపోయాక ఏం మిగులుతుందన్న దానికి కోస్టారికా మంచి ఉదాహరణ. 1998లో ఇంటెల్ అక్కడ చిప్‌ల ప్లాంటు తెరిచింది. ఒక దశలో ఆ చిన్న దేశపు సరుకుల ఎగుమతుల్లో దాదాపు అయిదో వంతు దానిదే. 2014లో ఆ తయారీ పనిని ఆసియాకు తరలించడంతో దాదాపు 1,500 ఉద్యోగాలు పోయాయి. దేశం కూలిపోలేదు. అప్పటికే నైపుణ్యమున్న ఇంజినీర్లు, ఆంగ్లం తెలిసిన కార్మికులు, నమ్మకమైన ఎగుమతి వ్యవస్థ సిద్ధంగా ఉండటంతో వైద్య పరికరాల కంపెనీలు విస్తరించి, ఆ పరికరాలే ప్రధాన ఎగుమతిగా ఎదిగాయి.

ఇథియోపియాకు ఆ వ్యవధి దొరకలేదు. 2016లో హవాసా పారిశ్రామిక పార్కు తెరిచి విదేశీ దుస్తుల కంపెనీలను తెచ్చుకున్నారు. అమెరికాలో సుంకం లేని ప్రవేశమే వాటికి ప్రధాన ఆకర్షణ. అంతర్యుద్ధం కారణంగా 2022 జనవరిలో అమెరికా ఆ సౌకర్యం తీసేసింది. కొన్ని కంపెనీలు వెళ్లిపోయాయి, స్థానిక సరఫరాదారులు తయారయ్యే సమయమే లేకపోయింది.

చైనాలో మూడో రకం జరిగింది. 1980లలో విదేశీ సంస్థల వాటా నామమాత్రం, 2005 నాటికి ఎగుమతుల్లో 58 శాతం, ఇటీవల మూడో వంతు కంటే తక్కువ. విదేశీ సంస్థలు తగ్గిపోవడం కాదు కారణం, వాటికి సరఫరా చేస్తూ నేర్చుకున్న చైనా కంపెనీలు ముందుకు రావడం. వియత్నాంలో ఆ వాటా ఇంకా 70 దాటే ఉంది. అది దిగడం ఎప్పుడు మొదలవుతుందో నేను ఎదురుచూస్తున్నాను.

బాక్‌నిన్_తెలుగువాడు
మేమూ ఎదురుచూస్తున్నాం. నురుగు పళ్లేలు సరఫరా చేసే కంపెనీ యజమాని ఈ మధ్య చిన్న ప్లాస్టిక్ భాగాల నమూనాలు పట్టుకొచ్చాడు. కొలతల్లో తేడా వచ్చి తిరస్కరించాం, మళ్లీ తెస్తానన్నాడు. మా కంపెనీ తరఫున ఒక ఇంజినీరును అతని షెడ్డుకు పంపమని నేను మా మేనేజరును అడిగాను, ఒప్పుకున్నారు.

పెన్నాతీరం
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. దేశాల మధ్య పోలిక వదిలేసి ఒక చిన్న ప్రశ్న తీసుకుంటాను. విదేశీ పెట్టుబడి వచ్చాక ఆ రంగంలో స్థానిక సంస్థల ఎగుమతులు మారాయా లేదా అన్నదే చూస్తాను. రొయ్యలను, మొబైల్ ఫోన్లను పక్కపక్కన పెట్టి దిగుమతుల్ని కూడా కలిపి లెక్క వేయాలని ఉంది. సరుకుల వారీగా సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

షిప్పింగ్_బిల్లు
కోల్‌కతాలోని వాణిజ్య గణాంకాల ప్రభుత్వ సంస్థ డి.జి.సి.ఐ.ఎస్. ఎనిమిదంకెల సరుకు కోడుల వారీగా ఎగుమతి, దిగుమతి రెండూ ఇస్తుంది. ఫోన్లు, వాటి విడిభాగాలు 8517తో మొదలయ్యే కోడుల కింద వస్తాయి. బ్యాటరీలు 8507 కింద ఉంటాయి కాబట్టి వాటిని విడిగా తీయాలి, లేకపోతే దిగుమతి తక్కువగా కనిపిస్తుంది. రొయ్యలకు 0306, మేతకు 2309 చూడండి. కంపెనీ ఎవరిదన్నది ఆ పట్టికల్లో ఉండదు. దానికి లిస్టయిన కంపెనీల వార్షిక నివేదికల్లో వాటాదారుల వివరాలు, విదేశీ మారక ఆదాయ వ్యయాల పేజీ వెతకాలి. ఆ పేజీలో ఎగుమతి ఆదాయం, దిగుమతి ఖర్చు ఒకే చోట ఉంటాయి, మీకు కావలసిన తీసివేత అక్కడే చేసుకోవచ్చు.